పేరు వద్దన్న బియ్యం

సోమవారం. రాత్రి పట్టిన వాన తెల్లవారేసరికి వెలిసింది. తూర్పు గాలి మాత్రం ఆగలేదు. సైకిలు గొలుసు తుడిచి నూనె వేశాను. మిల్లుకు రానని కబురు పంపాను.

మా పాస్టరమ్మగారు పోయిన మంగళవారం ప్రభువునందు నిద్రించారు. నెల్లూరు ఆసుపత్రి నుంచి పాస్టరుగారు ఫోన్ చేసి, "అన్నా, మీ అమ్మగారు ఇంక లేదు" అన్నారు. దానికి నేను అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటలకు?" ఆయన, "గడియారం చూడలేదన్నా" అన్నారు. ఫోన్ పెట్టేశాక చూస్తే, లెక్కల పుస్తకం అప్పటికే నా చేతిలో తెరిచి ఉంది. తేదీ వేశాను. తరువాత ఏం రాయాలో తెలియలేదు.

ఈ కాగితం చదువుతున్న మీకు నేను తెలుసు. మా పరిచర్యకు ఎవరు ఏమిచ్చారో, అది ఎటు ఖర్చయిందో ఏటా రెండు వరసల్లో రాసి, జిరాక్స్ తీయించి మీ ఇళ్లకు పంపేది నేనే. ఈసారి వరసలు లేవు. నాలుగేళ్ల కిందట పంపిన కాగితం అడుగున ఒక వాక్యం రాశాను. "విరాళాలు గాని వస్తువులు గాని చీటీ తీసుకుని మాత్రమే ఇవ్వగలరు. పాస్టరమ్మగారి చేతికి నేరుగా ఇవ్వవద్దని మనవి." మీలో కొందరు ఆ కాగితం పారేసి ఉంటారు. ఆ వాక్యం మాత్రం ఎవరూ మరచిపోలేదని నాకు తెలుసు.

అది తప్పు. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను. ఊరికే తప్పని రాసి ఊరుకుంటే, మీలో నాలాంటి వాళ్లుంటే, పోయిన మనిషి గురించి ఎవరో బలవంతాన రాయించారని అనుకుంటారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మగారు, పాస్టరుగారు కావలి వైపు నుంచి మా పాలేనికి వచ్చిన రోజు నేను టీ అంగడి దగ్గర ఉన్నాను. ఆటోలో రెండు ట్రంకు పెట్టెలు, ఒక ఇనుప మంచం, ఒక కోళ్ల గంప. ఏం అమ్ముకోవడానికి వచ్చారో చూద్దాం అనుకున్నాను. రొయ్యల గుంటలకు పోయే దారిలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. మొదటి రోజే అమ్మగారు మా ఇంటికి వచ్చి చీపురు అడిగారు. తిరిగి ఇస్తారా లేదా అని రెండు రోజులు ఆ దారివైపు కన్నేసి ఉంచాను. మూడో రోజు తెచ్చి ఇచ్చారు. విడిపోయిన చీపురుకు కొత్త తాడు కట్టి ఉంది. ఇంత మంచిగా ఉంటున్నారంటే రేపు ఇంకేదో పెద్దది అడగబోతున్నారు అని మా ఆవిడతో అన్నాను.

నేను చదివింది ఐదో తరగతి. మిగతా అక్షరాలు కోట దగ్గర రైస్ మిల్లులో కాటా చీటీలు చూసి నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే మిల్లులో, అదే కాటా దగ్గర ఉన్నాను. ఈ సంఘంలోకి ఎలా వచ్చానో అది నాకూ దేవునికీ మధ్య సంగతి, ఇక్కడ రాయను. వచ్చిన నెలకే లెక్కల పుస్తకం నా చేతికి వచ్చింది. అప్పటి నుంచి అమ్మగారికి నేను లెక్కలన్నను. ఆమె పిలిచారని ఊరంతా అలాగే పిలిచింది.

మా ప్రార్థన మందిరం ఎలా లేచిందో మీకు తెలుసు, లేపింది మీరే కాబట్టి. మొదట తాటాకు పాక. దాని మీద రొయ్యల గుంటల వాళ్లిచ్చిన పాత నల్ల పట్ట. అది ఇచ్చినప్పుడు, వాళ్ల ఉప్పునీళ్లు మా బావిలోకి వస్తున్నాయని మేము అడగకుండా ఉండటానికే ఇచ్చారని నేను సంఘం కమిటీలో చెప్పాను. కావలి నుంచి కుర్చీలు వచ్చాయి. ఒక్కో కుర్చీ తిరగేసి కాళ్లు చూశాను. ఒక మధ్యాహ్నం, అందరం కూలికీ పనికీ పోయిన వేళ, ఎవరో లారీ ఇసుక దించి పోయారు.

"దేవుడు పంపినాడు లెక్కలన్నా" అన్నారు అమ్మగారు.

"లారీ నంబరు చూసినారా అమ్మగారూ?"

"దేవుడి లారీకి నంబరుంటదా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె ఎప్పుడూ అలాగే నవ్వేవారు, పళ్లు కనపడితే పాపం అన్నట్టు.

దొంగ ఇసుకైతే కేసు మా మీదికి వస్తుందని దాని చుట్టూ ముళ్లకంప వేయించాను. వారం రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎనిమిదో రోజు అమ్మగారు కంప పక్కకు లాగి మొదటి గంప తానే ఎత్తారు. "పోలీసోళ్లు వస్తే నన్ను పట్టిద్దువులే. నీ పుస్తకంలో నా పేరు రాసుకో" అన్నారు. ఆ లారీ ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. మీలో ఎవరిదైనా అయితే, ఆ కంప వేయించింది నేనేనని తెలుసుకోండి.

ఆమెకు ఒక అలవాటుండేది. శనివారం మందిరం ఊడుస్తూ ఏదో గొణుక్కునేవారు. పాట అనుకుందామంటే రాగం లేదు. ప్రార్థన అనుకుందామంటే కళ్లు తెరిచే ఉన్నాయి. ఏం గొణుగుతున్నారో అని ఒక శనివారం కిటికీ పక్కన నిలబడి విన్నాను. ఫ్యాను కింద ఊడుస్తూ, "బిట్రగుంట గార్డుగారు, ఆయన భార్య, ఆయన కూతురు." కుర్చీల కింద ఊడుస్తూ, "కావలి అంగడాయన, వాళ్ల అమ్మ మోకాళ్ల నొప్పులు." గుమ్మం దగ్గర, "ఈ తలుపు చెక్క ఇచ్చిన పడవాయన, ఈయేడు వేట బాగుండాల." ఏ వస్తువు దగ్గరికి చీపురు పోతే ఆ వస్తువు ఇచ్చినవాళ్ల పేరు. నేను పుస్తకం తెచ్చి సరిచూశాను. ఆమె ఒక్కటీ తప్పలేదు. నా పుస్తకంలోనే రెండు లేవు.

ఆ రోజు చివరికి ఆమె వెనక గదిలో బియ్యం డ్రమ్ము దగ్గరికి వచ్చారు. అక్కడ పేరు చెప్పలేదు. "పేరు వద్దన్న చెయ్యి" అన్నారు. అంతే, చీపురు కదిలిపోయింది.

బియ్యం సంగతి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా సంఘంలో ఆడవాళ్లు పూట పూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. వారమంతా చేరింది ఆదివారం గుడ్డసంచిలో పోసి మందిరానికి తెస్తారు. అన్ని సంచులూ ఒకే డ్రమ్ములో పడతాయి. తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బియ్యం వండి పిల్లలకు, ముసలివాళ్లకు, ఆ వారం పని దొరకని ఇళ్లకు పెడతారు. నేను రాకముందు దానికి తూకం లేదు. నేను గుమ్మం దగ్గర కొక్కెం కాటా వేలాడదీసి, ఒక్కో సంచీ తూచి, పుస్తకంలో ఆ ఇంటి పేరుకు ఎదురుగా అంకె వేసి, ఆ తరువాతే డ్రమ్ములో పోయనిచ్చాను.

"ఏం లెక్కలన్నా, పిడికిలికి కూడా తూకమేనా?" అన్నారు అమ్మగారు.

"తూచకపోతే ఎవరిదెంతో ఎట్టా తెలస్తది?"

"తెలుసుకోని ఏం చేస్తావు?"

తరువాతి సంచీ తగిలించాను.

పిడికిలి ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది. అందుకని మా ఇంట్లో పిడికిలి మానిపించాను. రోజుకు ఒక గిద్ద, అంచు దాకా, వేలితో చదును చేసి. ఆదివారం ఆ సంచీ నేనే తెచ్చేవాణ్ణి. మా ఇంటి అంకె ఏనాడూ మారలేదు. అది చూసి నేను గర్వపడ్డ మాట నిజం.

అన్ని ఇళ్ల బియ్యం కలిస్తే వండటం కష్టం. రేషన్ బియ్యం ముద్దయ్యేలోపు పాత బియ్యం ఇంకా పలుకుగా ఉంటుంది. ఒకసారి గరిటెతో తీసి చూపించి, సగం ఉడికింది, సగం ఉడకలేదు అని నేను నసిగాను. అమ్మగారు నా చేతిలో గరిటె తీసుకుని, "అన్ని ఇళ్లూ ఒక్కసారే ఉడకవన్నా. ముందు ఉడికింది కాసేపు ఓర్చుకోవాల" అన్నారు. నీళ్లు ఇంకొంచెం పోసి, మంట తగ్గించి, మూతమీద నిప్పులు పెట్టారు. ఆ అన్నం ఎప్పుడూ కొంచెం మెత్తగానే ఉండేది. పిల్లలకు అదే ఇష్టం.

వండే ముందు, శనివారం సాయంత్రం, డ్రమ్ములోది తీసి మళ్లీ తూచడం కూడా నా పనే. ఒక శనివారం రెండు కిలోల పైన ఎక్కువ వచ్చింది. కాటా తప్పనుకుని ఇంకో కాటా తెచ్చి తూచాను. అదే. మరుసటి వారం కూడా ఎక్కువే. తగ్గితే ఎలకలు అనుకోవచ్చు. ఎలకలు బియ్యం తెచ్చి పోయవు. గది తాళం అమ్మగారి దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

"అమ్మగారూ, డ్రమ్ములో ఎక్కువుండాయి."

"మంచిదే గదన్నా."

"మంచో చెడో తరవాత. యాడ నించి వచ్చినాయి?"

"ఇచ్చినారు."

"ఎవరు?"

"పేరు వద్దన్నారు."

"పేరు వద్దనేవాళ్లు ఎందుకు ఇస్తారమ్మా?"

"పేరు కావాలనుంటే నీ కాటా దగ్గరికే వచ్చుందురు గదన్నా" అని మళ్లీ కొంగు నోటికి పెట్టుకున్నారు.

లెక్కలో తరుగు ఎంత చెడ్డదో, చెప్పలేని మిగులు అంతకంటే చెడ్డదని మిల్లులో నేర్చుకున్నాను. మిగులుందంటే ఎక్కడో ఒకరికి తరిగిందన్నమాట. అప్పుడు నాకు గురువారాలు గుర్తొచ్చాయి. ప్రతి గురువారం అమ్మగారు ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని బయలుదేరేవారు. అడిగితే, ఒంట్లో బాగాలేనివాళ్లను చూడటానికి అనేవారు. ఒకసారి మిల్లు నుంచి మధ్యాహ్నం ఒక పని మీద మా పాలేనికి వచ్చినప్పుడు ఆమెను దూరం నుంచి చూశాను. సంచీ నిండుగా ఉంది.

ఆ శనివారం డ్రమ్ములో పైపై బియ్యం దోసెడు తీసి కాగితం మీద పరిచాను. నేను బియ్యం చదవగలను. గొప్పకు చెప్పడం లేదు, ఇన్నేళ్ల పని అది. గింజ పొడవు, పొట్ట మీది తెల్ల మచ్చ, కొరికితే వచ్చే చప్పుడు చూసి ఏ పక్క పొలానిదో, ఏడాది పాతదో కొత్తదో చెప్తాను. మా సంఘంలో ప్రతి ఇంటి బియ్యం నాకు తెలుసు. కాగితం మీదది ఒక ఇంటిది కాదు. ఒక ఊరిది కూడా కాదు. కోట పక్క పల్లపు పొలాలది ఉంది. లోపలి మెట్ట ఊళ్లది ఉంది. మొలగొలుకులు ఉన్నాయి, మా పాలెంలో ఎవరూ కొని వండుకోలేనివి. ఉప్పుడు బియ్యం కూడా నాలుగు గింజలున్నాయి. తొమ్మిది రకాలు లెక్కపెట్టాను.

తొమ్మిది ఊళ్లు అని తేల్చుకున్నాను. అమ్మగారు గురువారం గురువారం ఊరూరా తిరిగి, కమిటీకి చెప్పకుండా, పరిచర్య పేరు మీద అడుక్కొస్తున్నారు. బియ్యం పోసేవాళ్లు బియ్యం ఒక్కటే ఇస్తారా? మిగతాది ఎక్కడ పోతోంది? ఇది ఎవరికీ చెప్పకుండా మూడు వారాలు మోశాను. తరువాత మీ కాగితం అడుగున ఆ వాక్యం రాశాను. పాస్టరుగారికి కూడా చూపించకుండా పోస్టు చేశాను.

ఆ వాక్యం చేయాల్సిన పని చేసింది. కావలిలో ఆమె పోయిన అంగడిలో, "చీటీ యాడమ్మా?" అని అడిగి ఉత్తచేతులతో పంపారు. బిట్రగుంట రైల్వే గార్డుగారు, మందిరానికి రేకులు వేయిస్తానన్న ఆయన, నేను పంపిన కాగితం చేతిలో పట్టుకుని స్వయంగా వచ్చారు. ఎప్పటిలాగే పిల్లలకు బిస్కెట్ల అట్టపెట్టె తెచ్చారు. అమ్మగారు ఎదురు పోయి రెండు చేతులూ చాచారు. ఆయన ఆమెను దాటి వచ్చి పెట్టె నా చేతిలో పెట్టారు. అమ్మగారు చాచిన చేతులు అలాగే జోడించి, "వందనాలండి" అన్నారు, ముందు నుంచి అందుకే చాచినట్టు. రేకులు ఆ ఏడాది రాలేదు. వానలకు నల్ల పట్ట చిరిగిన చోట గిన్నెలు పెట్టుకుని ఆరాధన చేశాం.

ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. మరుసటి ఆదివారం నా దగ్గరికి వచ్చి, "లెక్కలన్నా, ఆ చీటీల పుస్తకం నాకు కూడా ఒకటి ఇయ్యి" అన్నారు. ఇచ్చాను. నంబర్లు నా పుస్తకంలో రాసుకునే ఇచ్చాను.

అప్పటి నుంచి ఆమె చీటీ రాయకుండా ఏదీ తీసుకోలేదు. ఏదీ అంటే ఏదీ. ఎవరింట్లోనైనా మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు కడిగి, కూర్చుని చీటీ రాసేవారు. ఆమెకు రాయడం అంతగా రాదు, ఒక్కో చీటీకి చాలాసేపు పట్టేది. చేపల గంప ముసలమ్మ ఒకతె నా దగ్గరికి వచ్చి, "ఏందిరా ఇది, కూసోడానికి పీట ఏస్తే కాయితం ఇచ్చింది, దీన్ని బ్యాంకులో ఏసుకోవాల్నా?" అని అరిచింది. జనం నవ్వారు. అమ్మగారు నన్ను ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. నలుగురిలో నా పరువు తీయడానికే ఈ నాటకం అనుకున్నాను. పుస్తకం అయిపోతే వచ్చి ఇంకోటి అడిగేవారు. మొహంలో ఏమైనా కనపడుతుందేమో అని చూసేవాణ్ణి. ఏమీ కనపడేది కాదు.

రేకులు మరుసటి ఏడు వచ్చాయి, నా చేతి చీటీ మీద. డ్రమ్ములో బియ్యం మాత్రం ఎక్కువగానే వస్తూ ఉన్నాయి. నేను "ఇతరములు" అని ఒక గడి గీసుకుని అందులో వేస్తూ వచ్చాను. ఇలా నాలుగేళ్లు.

చివరి నెలల్లో ఆమెకు ఆయాసం వచ్చింది. గురువారాలు మానలేదు, ఆటోలో పోయేవారు. ఆసుపత్రికి చూడటానికి నేను ఒకసారి పోయాను. మంచం పక్కన బల్ల మీద చీటీల పుస్తకం ఉంది. నర్సమ్మకు రాసిన చీటీ సగంలో ఆగి ఉంది. "ఎట్టుండావు లెక్కలన్నా?" అని ఆమె నన్ను అడిగారు. బాగున్నానన్నాను. అప్పుడైనా అడగొచ్చు, ఆ బియ్యం ఎవరివి అని. అడిగితే చెప్తారేమోనని కూడా అనిపించింది. నేను అడగలేదు. ఎందుకంటే అప్పటికి నాకు అనుమానం ఒక అలవాటుగా మిగిలింది. ఆ అలవాటు పోతే నా దగ్గర ఏముంటుందో తెలియదు.

బుధవారం భూస్థాపన అయింది. శుక్రవారం మధ్యాహ్నం పాస్టరుగారు ఒక గుడ్డసంచీ తెచ్చి మా వసారాలో పెట్టారు. "నీ చీటీ పుస్తకాలన్నా. లెక్కలన్నకి అప్పజెప్పమనింది" అన్నారు. నీళ్లు కూడా తాగకుండా పోయారు.

అరుగు మీద కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచాను. చీటీ చింపి ఇచ్చేస్తే మన దగ్గర మిగిలే సగం అది. "మజ్జిగ ఒక గ్లాసు. అందింది. వందనాలు." "బస్సులో సీటు. అందింది. వందనాలు." "చెట్టు కింద నీడ, అర్ధగంట. అందింది. వందనాలు." ఆ నీడ ఎవరిదో ఆయన పేరు కూడా ఉంది. ఐదు పుస్తకాలు. ఎగతాళికైతే పది చీటీలతో ఆపేసేవారు. ఐదు పుస్తకాలు ఎవరూ ఎగతాళికి రాయరు.

మధ్య మధ్యలో ఒకటే చీటీ, గురువారం గురువారం. "బియ్యం. అందినాయి. వందనాలు." పేరు రాయాల్సిన చోట ఒక గీత.

నేను ఆ గీతలన్నీ వెతికి మడతలు పెడుతుంటే మా ఆవిడ లోపలి నుంచి వచ్చింది.

"ఏంది వెతకతా ఉండారు?"

"గురువారం బియ్యం. అన్ని రాసింది గానీ పేరు రాయలా."

"ఇంకా ఇడిచిపెట్టలేదా ఆయమ్మని? మన్ను పోసి రెండ్రోజులు కాలేదు."

"లెక్క తేలాల గదా."

ఆమె నా మొహం వైపు చూసింది. లోపలికి పోయి, పోపుల డబ్బా పక్కనుండే రేకు డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. చీటీలు. ఒకదాని మీద ఒకటి, దారంతో కట్టినవి, నాలుగేళ్లవి.

"నంబర్లు చూసుకోండి. మీకొచ్చేది అదే గదా."

చూశాను. అన్నీ కలిశాయి. ఒక్కటి తప్పలేదు.

"మనింట్లో తొమ్మిది రకాల బియ్యం యాడివి?" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు తెలిసిపోయింది.

మిల్లులో ఆడించిన ప్రతి లాటు నుంచి ఇనుప గొట్టం గుచ్చి మచ్చు తీస్తాం. పళ్లెంలో పోసి, చూసి, పక్కన పెడతాం. వారం చివర ఆ మచ్చు బియ్యమంతా కలిపి కాటా దగ్గర పనిచేసేవాళ్లకు పంచుతారు. నా వంతు నేను ప్రతి శనివారం ఇంటికి తెస్తాను. అన్ని పొలాలదీ కలిసిన బియ్యం, అన్నానికి సరిగా ఉడకదు, దోసెల పిండికి వాడుకో అని మా ఆవిడకు చెప్పాను. ఆ తరువాత దాని గురించి ఆలోచించలేదు. పిండిగా మారిన బియ్యం నా లెక్కలో బియ్యం కాదు. గింజ చూసి ఊరు చెప్పే నేను, నా చేతులతో మోసుకొచ్చిన సంచీని తొమ్మిది ఊళ్లని రాసుకున్నాను.

"నువ్వు పిండికి ఏస్తన్నావు అనుకున్నా" అన్నాను.

"ఇన్నేళ్లలో మనింట్లో దోసె ఎన్ని తూర్లు తిన్నారు మీరు? మినప్పప్పు పిరం అంటే నమ్మినారు. ప్రపంచంలో అన్నిట్నీ అనుమానించే మనిషి, ఆ ఒక్కటీ నమ్మినారు."

"నాకు ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తారు? దాన్ని కూడా తూచి అంకె ఏస్తారు. అప్పుడది మీ పుస్తకందయిపోతది. నా చేతిది అనేది ఏం మిగల్తది?" అంది. మళ్లీ తనే, "ఆ గిద్ద మీద మీరు ఏలితో చదును చేస్తా ఉంటే చూడలేక సిగ్గయ్యేది నాకు. దేవుడికి పెట్టేది గూడా గీసి పెడతారా ఎవరన్నా?"

ఆమె అక్కడే కూర్చుంది. మీ కాగితంలో నేను రాసిన వాక్యం సంగతి ఆమెకు రేకులు రాని ఏడాది తెలిసిందట. ఆ గురువారం అమ్మగారు రాగానే ఏడ్చి, నేను ఈ రోజే మా ఆయనకు చెప్పేస్తాను అందట.

"వద్దు మేయ్" అన్నారట అమ్మగారు. "నన్నయితే వారానికొక్క తూరి చూస్తాడు, ఓర్చుకుంటా. నిన్ను దినానికి మూడు పూటలా చూడాల ఆ మనిషి. ఆ చూపు నీమీదికి తిప్పుకోబాక."

అని, సంచీ నిండాక, కూర్చుని చీటీ రాశారట.

ఇది రాయనా అని నిన్న రాత్రి భోజనం దగ్గర మా ఆవిడను అడిగాను. "రాయండి. నాలుగేళ్లు ఆయమ్మ మోసింది. ఇంక మీరు మోయండి" అంది. మజ్జిగ పోస్తూ, "నా పేరు మాత్రం వద్దు" అంది.

కాబట్టి నాలుగేళ్ల కిందటి వాక్యం కొట్టివేయగలరు. దాని బదులు ఇది ఉంచుకోగలరు. పాస్టరమ్మగారి చేతికి మీరు ఇచ్చినవన్నీ అందవలసిన చోటికి అందాయి. "నాకు తెలిసినంత వరకు" అని ముందు రాసి, కొట్టేశాను. గార్డుగారూ, ఆ రోజు మీరు నా చేతిలో పెట్టిన పెట్టె ఆమెకు చేరవలసింది. ఆ తప్పు మీది కాదు.

ఆదివారం. గాలి తగ్గింది. ఎండ. అమ్మగారి ఆదరణ కూడిక. పైనున్నదంతా సంఘం ముందు నిలబడి చదివాను. చివరి దాకా చదవగలిగాను. కాగితం మడిచాను. తరువాత చేపల గంప ముసలమ్మ, "ఒరే లెక్కలోడా, ఊరి బియ్యమంతా కొరికి చూసి చెప్తావు, నీ ఇంటి గింజ నీకు తెల్లేదంట్రా?" అంది. ముందు పిల్లలు నవ్వారు. పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ తానూ నవ్వారు. నాకు ఎవరి నవ్వు మీదా అనుమానం రాలేదు.

ఆ తరువాత ఆడవాళ్లు సంచులతో గుమ్మం దగ్గర వరస కట్టారు. పద్నాలుగు సంచులు. నేను కాటా కొక్కెం పట్టుకుని నిలబడ్డాను. వరసలో చివర మా ఆవిడ ఉంది. ఆమె సంచీతో ఎప్పుడూ రాలేదు. ముందున్నవాళ్లు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. నా దగ్గర ఆగి, కాటా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. నేను పక్కకు జరిగాను. డ్రమ్ము మీదికి వంగి సంచీ మూతి విప్పింది. సన్నవీ లావువీ, తెల్లవీ పసుపు తేలినవీ, వేళ్ల మధ్య నుంచి జారుతూ పడ్డాయి. వెనక ఉన్నవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి పోశారు. తూకం రాయాల్సిన చోట ఒక గీత గీశాను.